పిల్లల కంటి క్యాన్సర్‌కు జీన్ థెరపీ: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డకు రెటినోబ్లాస్టోమా అని తేలిన రోజు నుంచే తల్లిదండ్రులు ఫోన్‌లో వెతకడం మొదలుపెడతారు. ఒక జన్యువు చెడిపోవడం వల్ల ఈ జబ్బు వస్తుందని చదువుతారు. అయితే ఆ జన్యువును బాగుచేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. జన్యువులను కణాల్లోకి పంపి చేసే ఇలాంటి చికిత్సనే జీన్ థెరపీ అంటారు. ఆ ఆలోచన చుట్టూ పదేపదే వచ్చే సందేహాలను దశలవారీగా ఇక్కడ చేర్చాం. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. మీ బిడ్డ కన్ను చూసిన డాక్టర్ మాటే చివరి మాట. వాళ్లను ఏం అడగాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తే చాలు.

## జబ్బు బయటపడిన కొత్తలో

ఇంత చిన్న పిల్లకు కంట్లో క్యాన్సర్ ఎలా వచ్చింది?

కంటి లోపల వెనక వైపు వెలుతురును గ్రహించే పలుచని పొర రెటీనా. దాని కణాలు పసితనంలో ఇంకా తయారవుతూనే ఉంటాయి. అందుకే ఈ క్యాన్సర్ ఎక్కువగా ఐదేళ్ల లోపు పిల్లల్లోనే కనిపిస్తుంది. పుట్టే ప్రతి 15 వేల నుంచి 20 వేల మంది పిల్లల్లో సుమారు ఒకరికి వస్తుంది.

13వ క్రోమోజోమ్ మీద ఆర్‌బీ1 అనే జన్యువు ఉంది. కణం ఎప్పుడు పడితే అప్పుడు విభజన చెందకుండా ఆపే ప్రొటీన్‌ను అది తయారు చేస్తుంది. ప్రతి కణంలో ఈ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెటీనాలోని ఒకే కణంలో రెండూ చెడిపోతే ఆ కణానికి అడ్డుకట్ట ఉండదు. ఇలా రెండు దెబ్బలు పడితేనే జబ్బు మొదలవుతుందని 1971లో ఆల్ఫ్రెడ్ నుడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రతిపాదించారు. జన్యువు అసలు దొరికింది మాత్రం 1986లో. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్నదాని వల్లో, చేసిన పని వల్లో ఇది వచ్చిందని అనుకోవడానికి ఆధారం లేదు.

ఫొటోలో ఒక కన్ను తెల్లగా మెరుస్తోంది. ఇది అదేనా?

కావచ్చు, కాకపోవచ్చు. పుట్టుకతో వచ్చే శుక్లం లాంటి ఇతర కారణాల వల్ల కూడా కనుపాప తెల్లగా కనిపిస్తుంది. కొన్నిసార్లు ఫ్లాష్ పడిన కోణం వల్లే అలా మెరుస్తుంది. కానీ ఫొటో చూసి ఇంట్లో తేల్చుకునే విషయం కాదిది. మందు చుక్కలు వేసి, కనుపాప పెద్దది చేసి రెటీనా మొత్తం చూడాలి. కొత్తగా మెల్లకన్ను వచ్చినా ఇదే పరీక్ష కావాలి. కొన్ని రోజుల్లోనే చూపించండి, నెలలు గడపకండి.

ముక్క తీసి పరీక్షకు పంపకుండానే క్యాన్సర్ అని ఎలా చెప్తున్నారు?

ఈ జబ్బులో మామూలుగా ముక్క తీయరు. సూది గుచ్చిన దారి వెంట క్యాన్సర్ కణాలు కంటి బయటకు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే మత్తు ఇచ్చి కన్నంతా పరీక్షించడం, అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ మీద ఆధారపడతారు. కణితిలో పేరుకున్న కాల్షియం అల్ట్రాసౌండ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అనుభవం ఉన్న డాక్టర్‌కు చాలా కేసుల్లో ఇవి చాలు. ఈ మధ్య కంటి ముందు భాగంలోని నీటిని కొద్దిగా తీసి, అందులో తేలే కణితి డీఎన్‌ఏను చదివే పద్ధతి మీద పరిశోధన జరుగుతోంది.

కన్ను తీసేయాలంటున్నారు. జీన్ థెరపీ వచ్చేదాకా ఆగితే కన్ను దక్కదా?

దయచేసి ఆగకండి. మొత్తం సందేహాల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఇదొక్కటే.

ఈ కణితి కంటి నరం వెంట మెదడు వైపు పాకగలదు, రక్తం ద్వారా ఎముక మూలుగలోకి వెళ్లగలదు. కంట్లోనే ఉన్నంతవరకు ఇది నయమయ్యే జబ్బు. త్వరగా కనిపెట్టి, సరైన వైద్యం అందించగలిగే దేశాల్లో 95 శాతానికి పైగా పిల్లలు బతుకుతున్నారు. బయటకు పాకితే ఆ లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. జీన్ థెరపీ ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. దాని కోసం నెలల తరబడి ఎదురుచూస్తే, ఈరోజు చేతిలో ఉన్న అవకాశం జారిపోతుంది.

ముందు ప్రాణం, తర్వాత కన్ను, ఆ తర్వాత చూపు. డాక్టర్లు ఈ వరసలోనే ఆలోచిస్తారు. కన్ను తీసేయమన్నారంటే ఆ కంట్లో కాపాడుకోగలిగిన చూపు మిగల్లేదనో, కణితి బయటకు వెళ్లేలా ఉందనో అర్థం. నమ్మకం కుదరకపోతే రెటినోబ్లాస్టోమా ఎక్కువగా చూసే మరో కేంద్రంలో రెండో అభిప్రాయం తీసుకోండి. సిర ద్వారా కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందు), కంటి రక్తనాళంలోకి నేరుగా కీమో, కంటి లోపలి జెల్లీలోకి ఇంజెక్షన్, లేజర్, అతి చల్లదనంతో గడ్డకట్టించి కణితిని చంపే క్రయో, కంటిపై చిన్న రేడియేషన్ పలక అమర్చడం లాంటి దారులున్నాయి. వాటిలో ఏదైనా మీ బిడ్డకు పనికొస్తుందా అని అడగండి. ఆ అభిప్రాయం కూడా రోజుల్లో వచ్చేయాలి.

## జన్యు పరీక్ష దగ్గర

మా రెండు వైపులా ఎవరికీ ఈ జబ్బు లేదు. అయినా జన్యు పరీక్ష ఎందుకు?

వంశంలో లేకపోయినా ఒంట్లో ఉండొచ్చు కాబట్టి. జబ్బు వచ్చిన పిల్లల్లో సుమారు 40 శాతం మందికి ఆర్‌బీ1 లోపం ఒంట్లోని కణాలన్నింటిలో ఉంటుంది. వాళ్లలోనూ ఎక్కువ మందికి అది తల్లిదండ్రుల నుంచి రాలేదు, కొత్తగా ఆ బిడ్డలోనే మొదలైంది.

రెండు కళ్లకూ వస్తే ఒంట్లో లోపం ఉందనే దాదాపుగా అనుకోవాలి. ఒక కంటికే వచ్చినవాళ్లలో కూడా సుమారు 15 శాతం మందికి ఉంటుంది. ఆ విషయం తెలిస్తే రెండో కన్నును ఎంత తరచుగా చూడాలో, రేడియేషన్‌ను ఎంతగా తప్పించాలో, తోబుట్టువులకు పరీక్షలు కావాలో లేదో తేలుతుంది. జన్యుశాస్త్రం మీ బిడ్డకు ఈరోజు చేయగలిగిన అతిపెద్ద సాయం ఈ పరీక్షే. జీన్ థెరపీ వార్తల హోరులో ఇది వెనక్కి పోతుండటం నిజంగా బాధ కలిగిస్తుంది.

రక్తం చాలదా? కణితి ముక్క కూడా కావాలని ఎందుకంటున్నారు?

రెండు కళ్లకూ ఉంటే రక్తంతోనే మొదలుపెడతారు. ఒక కంటికే ఉంటే ముందు కణితిలో ఏ లోపాలున్నాయో కనిపెట్టి, అవే రక్తంలో ఉన్నాయేమో చూస్తారు. ఏం వెతకాలో తెలిసి వెతికితే ఫలితం మీద నమ్మకం పెరుగుతుంది. ఒంట్లో కొన్ని కణాల్లోనే లోపం ఉండే పిల్లలూ ఉంటారు. వాళ్లను రక్తం ఒక్కదానితో పట్టుకోవడం కష్టం.

కన్ను తీసే ఆపరేషన్ ఉంటే, కణితి కణజాలంలో కొంత జన్యు పరీక్ష కోసం దాచమని ఆపరేషన్‌కు ముందే అడగండి. తర్వాత అడిగితే తాజా కణజాలం దొరకదు. ఒక కంటికే వచ్చిన వాటిలో చాలా కొద్ది కణితుల్లో ఆర్‌బీ1 బాగానే ఉండి, ఎంవైసీఎన్ అనే మరో జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగి ఉంటాయి. ఇవి మరీ చిన్న పసికందుల్లో కనిపిస్తాయి, వేగంగా పెరుగుతాయి.

ఇది మా వల్లే వచ్చిందా?

కాదు. లోపం మీ నుంచే అందిందని పరీక్షలో తేలినా, అందులో మీ తప్పేమీ లేదు. ఏ జన్యువు బిడ్డకు ఇవ్వాలో ఎంచుకునే వీలు ఏ తల్లికీ, ఏ తండ్రికీ లేదు.

## జీన్ థెరపీ గురించి

మంచి ఆర్‌బీ1 జన్యువును ఎక్కిస్తే సరిపోదా?

ఈ ఆలోచన పాతదే. జన్యువు దొరికిన కొన్నేళ్లకే, ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాల్లోకి మంచి ఆర్‌బీ1ను పంపితే వాటి పెరుగుదల తగ్గుతుందని చూపించారు. మరి బిడ్డ కంట్లో ఎందుకు చేయలేకపోతున్నారు?

మొదటి ఇబ్బంది సంఖ్యతో వస్తుంది. కణితిలో కోట్ల కణాలుంటాయి. మంచి జన్యువును కణాల్లోకి మోసుకెళ్లడానికి మలిచిన వైరస్ అన్నిటినీ చేరలేదు. వంశపారంపర్య అంధత్వంలోనైతే రెటీనాలో కొంత భాగం కణాలు బాగుపడినా చూపు మెరుగవుతుంది. క్యాన్సర్‌లో అలా కుదరదు, తప్పించుకున్న కొన్ని కణాలే మళ్లీ కణితిగా ఎదుగుతాయి. రెండోది, కణితి పెరిగేకొద్దీ దాని కణాల్లో ఆర్‌బీ1తో పాటు మరికొన్ని మార్పులు పోగవుతాయి. అప్పటికి మొదటి లోపం ఒక్కటే సరిచేస్తే కణం దారిలోకి వస్తుందన్న హామీ లేదు. మూడోది, మంచి జన్యువు అందిన కణం విభజన ఆపేయొచ్చు, కానీ చావకుండా అక్కడే ఉండిపోవచ్చు. అది మళ్లీ మేల్కొనదని ఎవరు చెప్పగలరు?

అందుకే పరిశోధకులు ఎక్కువగా మరో వైపు తిరిగారు. చెడిన కణాన్ని బాగుచేయడం మాని, జన్యువుల సాయంతో దాన్ని గుర్తుపట్టి చంపడం మీద దృష్టి పెట్టారు. రెటినోబ్లాస్టోమా పిల్లల్లో పరీక్షించిన జన్యు చికిత్సల కథ ప్రధానంగా ఇదే.

మనుషుల మీద ఇప్పటిదాకా ఏం చేసి చూశారు?

అమెరికాలోని హ్యూస్టన్‌లో చేసిన తొలి దశ ప్రయోగం ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కంటి లోపలి జెల్లీలో క్యాన్సర్ కణాలు గింజల్లా చెదిరి తేలుతూ, మామూలు చికిత్సలకు లొంగని ఎనిమిది మంది పిల్లలు అందులో ఉన్నారు.

జలుబు తెప్పించే అడినోవైరస్‌ను, లోపల పెరగలేకుండా చేసి, హెర్పిస్ వైరస్‌కు చెందిన థైమిడిన్ కైనేజ్ అనే జన్యువును దాంట్లో పెట్టారు. దాన్ని కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. తర్వాత గాన్‌సైక్లోవిర్ అనే మందు ఇచ్చారు. ఆ మందు మామూలు కణాలను పెద్దగా ఏమీ చేయదు. థైమిడిన్ కైనేజ్ తయారవుతున్న కణంలోకి వెళ్తే మాత్రం విషంగా మారి, విభజన చెందే ఆ కణాన్ని చంపుతుంది. ఎక్కువ మోతాదులు అందుకున్న ఏడుగురిలో తేలే గింజలు కనిపించకుండా పోయాయి. ఒక బిడ్డలో 38 నెలల తర్వాత కూడా అవి తిరిగి రాలేదు. అత్యధిక మోతాదు దగ్గర కంట్లో వాపు, కంటి ఒత్తిడి పెరగడం కనిపించాయి.

ఆశ పుట్టించిన ఫలితమే. కానీ గింజలు పోయినంత మాత్రాన కన్ను దక్కినట్టు కాదు, రెటీనాకు అంటుకుని ఉన్న అసలు కణితి సంగతి వేరే చూడాలి. పైగా ఆ తర్వాతి ఏళ్లలో మెల్ఫలాన్ అనే కీమో మందును అదే జెల్లీలోకి ఇవ్వడం వాడుకలోకి వచ్చి, ఇలాంటి గింజల మీద బాగా పనిచేసింది. జీన్ థెరపీ వాడుకలోకి రావాలంటే ఇప్పుడు దానికంటే మెరుగని, లేదా అది ఓడిన చోట గెలుస్తుందని నిరూపించుకోవాలి.

క్యాన్సర్ కణాన్నే చంపే వైరస్ వచ్చిందని విన్నాం. అదేమిటి?

మీరు విన్నది బహుశా వీసీఎన్-01 గురించి. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పరిశోధకులు దీన్ని రెటినోబ్లాస్టోమా పిల్లల్లో పరీక్షించారు. ఇది కూడా అడినోవైరసే, కానీ ఇది కణంలో పెరగగలదు. ఆర్‌బీ1 అడ్డు తొలగిపోయిన కణంలోనే బాగా పెరిగేలా దీన్ని మలిచారు. ఆర్‌బీ1 తయారు చేసే ఆర్‌బీ ప్రొటీన్ మామూలుగా ఈ2ఎఫ్ అనే మరో ప్రొటీన్‌ను పట్టి ఉంచుతుంది. క్యాన్సర్ కణంలో ఆ పట్టు వదిలిపోయి ఈ2ఎఫ్ విచ్చలవిడిగా ఉంటుంది. వైరస్ దాన్నే ఆధారం చేసుకుని పెరిగి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడి పక్క కణాన్ని పట్టుకుంటుంది. ఏ లోపం వల్ల జబ్బు వచ్చిందో ఆ లోపాన్నే ఆయుధంగా మార్చడం ఇందులోని గొప్పతనం.

2019లో వెలువడిన ఫలితాల్లో, ఎలుకల్లో ఇది కణితిని తగ్గించి, మెదడుకు పాకకుండా ఆపింది. పిల్లల్లో తొలి దశలో తేలే గింజల మీద పనిచేసిన గుర్తులు కనిపించాయి. కంట్లో వాపు వచ్చింది, ఒంటికి పెద్ద ఇబ్బంది రాలేదు. పరీక్షించిన పిల్లల సంఖ్య చాలా తక్కువ. అందరికీ ఇచ్చే మందు కావాలంటే ఇంకా పెద్ద ప్రయోగాలు దాటాలి.

కంటికి జీన్ థెరపీకి 2017లోనే అనుమతి వచ్చిందట కదా. అదే మా బాబుకు ఇవ్వరా?

ఇవ్వరు. 2017 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నా, ఆర్‌పీఈ65 అనే వేరే జన్యువు లోపం వల్ల వచ్చే అంధత్వానికి సంబంధించింది. అది క్యాన్సర్ మందు కాదు. వార్తల్లో ‘కంటికి జీన్ థెరపీ’ అని కనిపిస్తే ఏ జన్యువుకు, ఏ జబ్బుకు అని మొదట చూడండి.

క్రిస్పర్‌తో లోపాన్ని కత్తిరించి సరిచేయలేరా?

ప్రస్తుతానికి ప్రయోగశాల పనే. ప్రతి క్యాన్సర్ కణాన్నీ చేరాలన్న ఇబ్బంది దీనికీ తప్పదు.

కంట్లో సూది వేస్తే క్యాన్సర్ బయటకు రాదా?

సరైన భయమే. ఈ భయంతోనే చాలా ఏళ్లు డాక్టర్లు ఈ కళ్లలోకి సూది వేయలేదు. ఇప్పుడు జాగ్రత్తలు స్థిరపడ్డాయి. కణితి లేని వైపు నుంచే సూది దించుతారు, ముందుగా కంటి ఒత్తిడి తగ్గిస్తారు, సూది తీసేటప్పుడు ఆ చోటును అతి చల్లదనంతో గడ్డకట్టిస్తారు. వీటి వల్ల ప్రమాదం చాలా తగ్గింది. హ్యూస్టన్ ప్రయోగంలో కూడా సూది దారి వెంట జబ్బు పాకిన దాఖలా లేదు. అయినా ఇది ఈ జబ్బులో అనుభవం ఉన్న చేతులే చేయాల్సిన పని.

ఒంట్లోకి వైరస్ పంపడం ప్రమాదం కాదా?

ప్రమాదం ఉంది, దాని తీరు వైరస్‌ను బట్టి మారుతుంది. 1999లో అమెరికాలో కాలేయ జబ్బుకు చేసిన ప్రయోగంలో, అడినోవైరస్‌కు శరీరం విపరీతంగా స్పందించడంతో 18 ఏళ్ల యువకుడు చనిపోయాడు. ఆ తర్వాత నియమాలు బాగా బిగిశాయి. అక్కడ వైరస్‌ను కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకి ఇచ్చారు. కంట్లోకి ఇచ్చేది చిన్న మోతాదు, అది చాలావరకు కంట్లోనే ఉంటుంది. అందుకే ఇక్కడ ప్రధానంగా కనిపించేది కంటి వాపు. అది తీవ్రమైతే చూపుకే నష్టం.

మరో భయం, వైరస్ మన డీఎన్‌ఏలో దూరి కొత్త క్యాన్సర్ తెస్తుందేమోనని. రెట్రోవైరస్‌లతో రోగనిరోధక లోపానికి చికిత్స పొందిన కొందరు పిల్లల్లో అలా రక్త క్యాన్సర్ వచ్చింది. అడినోవైరస్ సాధారణంగా మన డీఎన్‌ఏలో అతుక్కోదు. ఆర్‌బీ1 లోపం ఒళ్లంతా ఉన్న బిడ్డ విషయంలో ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగండి.

## ప్రయోగంలో చేర్చాలనుకుంటే

మా పాపను ట్రయల్‌లో తీసుకుంటారా?

సాధారణంగా ఇతర చికిత్సలకు లొంగని జబ్బు, అది కన్ను దాటకపోవడం, కన్ను తీయడం తప్ప మరో దారి మిగలకపోవడం లాంటి షరతులుంటాయి. ఇప్పుడే జబ్బు తేలి, ఉన్న చికిత్సలతో నయమయ్యే అవకాశమున్న బిడ్డను చేర్చుకోరు. అది నిరాకరణ కాదు, ఆ బిడ్డకు అంతకంటే నమ్మకమైన దారి ఉందని అర్థం.

మొదటి దశ ప్రయోగం ఉద్దేశం మోతాదు, భద్రత తేల్చడం. నయం చేస్తామన్న మాట అందులో ఉండదు. సంతకం పెట్టేముందు ఇవి అడగండి: ఇంతవరకు ఎంతమంది పిల్లలకు ఇచ్చారు? ఎన్ని కళ్లు దక్కాయి? పనిచేయడం లేదని ఎన్నాళ్లలో తెలుస్తుంది, అప్పుడేం చేస్తారు? మధ్యలో మానుకుంటే మామూలు వైద్యం కొనసాగుతుందా? మానుకునే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది.

ఒక చోట డబ్బు కడితే జీన్ థెరపీ చేసి నయం చేస్తామంటున్నారు. వెళ్లొచ్చా?

వెళ్లకండి. నిజమైన ట్రయల్‌కు రిజిస్ట్రీలో నమోదు నంబర్, ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వకంగా సమ్మతి పత్రం ఉంటాయి. ప్రయోగంలో ఉన్న మందుకు మామూలుగా డబ్బు తీసుకోరు. గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గర, ‘స్టెమ్ సెల్స్‌తో చూపు తెప్పిస్తాం’ అనేవాళ్ల దగ్గర మీరు పోగొట్టుకునేది డబ్బే కాదు, చికిత్సకు కీలకమైన వారాలు కూడా.

## చికిత్స అయిపోయాక

కన్ను తీసేశారు. ముందుముందు జీన్ థెరపీతో ఆ కంటికి చూపు వస్తుందా?

రాదు. రెటీనా, కంటి నరం లేనిచోట జన్యువును ఎక్కించడానికి కణాలే ఉండవు. ఆపరేషన్‌లో గుంటలో ఒక ఇంప్లాంట్ అమరుస్తారు, కొన్ని వారాలకు దాని మీద కృత్రిమ కన్ను పెడతారు. రెండో కన్ను బాగుంటే పిల్లలు చదువూ ఆటలూ మామూలుగానే సాగిస్తారు. ఆ కన్నుకు దెబ్బ తగలకుండా గట్టి అద్దాల కళ్లజోడు తప్పనిసరి.

కంట్లో జబ్బు తగ్గింది. జన్యు లోపం కూడా పోయినట్టేనా?

పోలేదు. చికిత్స కణితినే తీసేస్తుంది. ఒంట్లో లోపం ఉన్న పిల్లలకు జీవితంలో తర్వాత ఎముక క్యాన్సర్, కండరాలూ మెత్తటి కణజాలపు క్యాన్సర్లు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. పసితనంలో, ముఖ్యంగా మొదటి ఏడాదిలో, బయటి నుంచి రేడియేషన్ ఇస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే ఇప్పుడు దాన్ని వీలైనంత తప్పిస్తున్నారు. కంట్లో ఇచ్చే జీన్ థెరపీ ఏదైనా సఫలమైనా, ఒళ్లంతా ఉన్న లోపాన్ని అది మార్చదు. తగ్గని ఎముక నొప్పి, కొత్త గడ్డ, మారుతున్న పుట్టుమచ్చ కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. పొగ తాగకుండా ఉండటం, తీవ్రమైన ఎండ నుంచి చర్మాన్ని కాపాడుకోవడం ఈ పిల్లలకు చిన్నప్పటి నుంచే నేర్పాలి.

తర్వాతి బిడ్డకు రాకుండా చూసుకోవచ్చా?

మొదటి బిడ్డలో ఏ లోపం ఉందో కచ్చితంగా తెలిస్తే చాలా చేయొచ్చు. ఐవీఎఫ్ చేయించుకుని, లోపం లేని పిండాన్ని ఎంచుకోవచ్చు. లేదా గర్భంలో ఉండగా పరీక్షించి, లోపం ఉంటే కాన్పు కాస్త తొందరగా చేయించి, పుట్టిన రోజుల్లోనే కళ్లు చూసి, చిన్న కణితులను లేజర్‌తో తొలగించవచ్చు. తల్లిదండ్రులిద్దరి రక్తంలో లోపం కనిపించకపోయినా, అండంలోనో వీర్యంలోనో దాగి ఉండే చిన్న అవకాశం ఉంది. అందుకే తర్వాతి బిడ్డకూ పరీక్ష చేయించాలి.

మా అబ్బాయి పెద్దయ్యాక అతని పిల్లలకు వస్తుందా?

ఒంట్లో లోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది అందే అవకాశం 50 శాతం. అందినవాళ్లలో పదిమందిలో తొమ్మిది మందికి జబ్బు వస్తుంది. కొన్ని రకాల లోపాల్లో ఈ లెక్క తక్కువగా ఉంటుంది, అది రిపోర్టు చదివే జన్యు నిపుణులు చెప్పగలరు. ఆ రిపోర్టును భద్రంగా దాచండి, ఒక ప్రతి వేరే చోట కూడా ఉంచండి. అతను పెళ్లి వయసుకు వచ్చేలోపు విషయం అర్థమయ్యేలా చెప్పి, ఆ కాగితం అతని చేతికే ఇవ్వండి.